ఆఠీను ఏడు పారవేత ప్రతిపాదన

పేకాడితే ఉద్యోగం పోతుందని పాతికేళ్లు భయపడుతూ బతికిన మాకు, పేకాడకపోతే ఉద్యోగం కదలదని ఒక సోమవారం ఉత్తర్వు వచ్చింది.

మాది గోనెసంచుల నాణ్యతా పర్యవేక్షణ శాఖ, జిల్లా కార్యాలయం. ఎన్ని చిల్లుల వరకూ దాన్ని సంచి అనాలి, ఎన్ని దాటితే జల్లెడ అనాలి అన్నది నిర్ణయించడం మా పని. ఇంత బాధ్యత గల శాఖకి పేకతో ఏం సంబంధమని మీరు అడగవచ్చు. మేమూ అడగబోయాం. కానీ ఉత్తర్వు చివర "దీనిపై ప్రశ్నలు స్వీకరించబడవు" అని ఉంది.

ఉత్తర్వు ఇలా సాగింది: "అంతరించిపోవుచున్న మన సంప్రదాయ ద్విజన పత్రక్రీడను పునరుజ్జీవింపజేసి, తద్వారా ఉద్యోగులలో ఏకాగ్రత, నిర్ణయశక్తి, పరస్పర సుహృద్భావము పెంపొందించు నిమిత్తము, ఇకమీదట పదోన్నతిగాని బదిలీగాని కోరు ప్రతి ఉద్యోగి ఒక ఆటయందు విజయము సాధించి యుండవలెను."

ద్విజన పత్రక్రీడ అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే పదమూడు ముక్కల ఆట. అది అంతరించిపోతోందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది. ముందు రోజు ఆదివారం నేను మా తోడల్లుడి ఇంట్లో పొద్దుగూకేదాకా అదే ఆడి వచ్చాను.

నవ్వుకుని ఊరుకుందుం గాని, ఆ ఉత్తర్వు వచ్చిన వారంలోనే మా జూనియర్ అసిస్టెంట్ నాగవేణికి అమలాపురం బదిలీ అయింది. ఆమె ఇల్లూ సంసారం అమలాపురంలోనే. తెల్లవారగట్ల కూతురు లేవకముందే బస్సెక్కి, రాత్రి ఆ పిల్ల పడుకున్నాక ఇల్లు చేరే మనిషి. అమ్మంటే ఆదివారాలొచ్చే చుట్టమని పిల్ల అనుకుంటోందని ఒకసారి మాతో నవ్వుతూనే చెప్పింది గాని, ఆ తరవాత చాలాసేపు ఫైల్లోంచి తలెత్తలేదు. ఇప్పుడు ఆర్డరు చేతిలో ఉంది. నెలాఖరులోగా ఇక్కడ రిలీవ్ కాకపోతే ఆ ఖాళీ జాబితాలో తరవాతివాళ్లకి పోతుంది. రిలీవ్ కావాలంటే ఒక ఆట గెలవాలి.

ఆమెకి ప్రత్యర్థిగా నన్ను వేశారు. నా పేరు సత్తిరాజు, సీనియర్ అసిస్టెంట్ని. రిటైర్మెంటు గుమ్మంలో ఉంది. పదోన్నతి రాదు, బదిలీ అక్కర్లేదు. ఓడిపోవడానికి ఆ ఆఫీసులో నాకంటే అర్హుడు లేడు. పని సులువేనని ఇద్దరం అనుకున్నాం.

ముందు శిక్షణ అన్నారు. ప్రధాన కార్యాలయం నుంచి నిరంజన్‌గారనే నిపుణుడు వచ్చాడు. మెడలో బిళ్ల, చేతిలో తెర మీద చూపించే ఎర్ర లైటు. పేకముక్కని ఆయన అంతకుముందు బొమ్మలో మాత్రమే చూశాడు.

"మీలో ఈ క్రీడ ముందే తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?"

శివరాత్రి జాగారాల్లో, పెళ్లి విడిదుల్లో, రైలు పెట్టెల్లో మోకాళ్ల మీద తువ్వాలు పరుచుకుని పండిపోయిన ఇరవై మందిమి గోడకేసి చూశాం. ప్రవర్తనా నియమావళిలో పేకాట దుష్ప్రవర్తన. దాన్నెవరూ కొట్టెయ్యలేదు. కాబట్టి ఉత్తర్వు తేదీకి ముందు నేర్చుకున్నవాడు నేరస్థుడు, తరవాత నేర్చుకున్నవాడు సంస్కృతీ పరిరక్షకుడు. "తెలియదండి" అన్నాం ఒక్క గొంతుతో.

"అద్భుతం! ఈ క్రీడ యొక్క సారం రెండే రెండు ప్రక్రియలు. అనుకూల పత్రముల సమీకరణ, ప్రతికూల పత్రముల విసర్జన."

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆయన చెప్పిందాని అర్థం ఏమిటంటే, మధ్యనున్న కట్టలోంచి ఒక ముక్క ఎత్తాలి, చేతిలో అక్కర్లేనిది ఒకటి కింద వెయ్యాలి. ఎదుటివాడు వేసింది మనకి పనికొస్తే అదే ఎత్తుకోవచ్చు. ఆఠీను, కళావరు లాంటి ఒకే గుర్తులో వరస అంకెలో, వేరు వేరు గుర్తుల్లో ఒకే అంకో మూడేసి, నాలుగేసి జతపడితే "షో" అని బల్ల మీద పరచాలి. ఇది చెప్పడానికి ఆయనకి మూడు రోజులూ, ఒక ప్రొజెక్టరూ పట్టాయి.

రానిది నేర్చుకోవడం కష్టమంటారు గాని, వచ్చినదాన్ని రానట్టు నటించడం ముందు అదెంత? ముక్కలు చేతిలో పడగానే వేళ్లు వాటంతటవే విసనకర్రలా విప్పేస్తాయి. అలా విప్పితే దొరికిపోతాం. అంచేత అందరం ముక్కల్ని రెండు చేతులా హారతి పళ్లెంలా పట్టుకున్నాం. మా క్యాషియర్ గవర్రాజు మాత్రం ఏమరుపాటున బొటనవేలు నాలికకి తడి చేసుకుని చకచకా పంచేశాడు. "మీ వేలికి ఈ పరిజ్ఞానము ఎప్పుడు, ఎచ్చట, ఎవరి ప్రోద్బలమున కలిగినదో మూడు దినములలో తెలుపవలెను" అని సాయంత్రానికి మెమో వచ్చింది. ఇంట్లో విస్తళ్లు కుట్టే అలవాటని జవాబు రాసుకున్నాడు పాపం.

ఆట రోజు వచ్చింది. పర్యవేక్షకులు మా పరిపాలనాధికారి శరభయ్యగారు. ఆయన లంచం ముట్టరు, నిబంధన వదలరు. ఆ రెండో గుణం వల్ల పడే బాధ చూసి, మొదటిది లేకపోయినా బాగుండేదని దేవుడికి మొక్కుకునేవాళ్లున్నారు. ముందుగా రెండు జోకర్లనీ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏ ముక్క స్థానంలోనైనా నిలబడగల ఉద్యోగి అంటే ఏ హోదా కిందికి వస్తాడో స్పష్టత లేదనీ, పైకి రాశాననీ అన్నారు.

పంచింది నేను. ఒక్క ముక్క పడితే చాలు షో చెప్పొచ్చనేట్టుగా అమ్మాయికి ముక్కలు పుట్టుకతోనే జతపడి వచ్చాయి. అది ఆమె అదృష్టం, నా వేళ్లకి సంబంధం లేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. మొత్తం కలిసొస్తే చూసేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందని ఆ అదృష్టమే ఒకటి ఆపుకుంది.

నాగవేణి కట్టలోంచి ఒక ముక్క ఎత్తింది. చూసింది. పనికిరాలేదు. కింద వెయ్యబోయింది.

"ఆగమ్మా!" అన్నారు శరభయ్యగారు. గదిలో ఫ్యాను కూడా ఆగినట్టనిపించింది. "ఏం చేస్తున్నావు?"

"ముక్క పారేస్తున్నానండి."

"ఎవరి ముక్క?"

"నాదేనండి."

"నీదా? నువ్వు కొన్నావా? స్టాకులో ఎక్కిన ప్రభుత్వ వస్తువమ్మా అది. చిరగలేదు, మాయలేదు, కొన్నది మొన్న. వరండాలో మూడు కాళ్ల కుర్చీ చూశావుగా? నేను ఉద్యోగంలో చేరిన్నాటి నించీ ఉంది. దాన్నే పారెయ్యటానికి వీల్లేక అట్టే పెట్టాం. నిక్షేపంలాంటి ముక్కని పారేస్తావా?"

"మరి పారెయ్యకపోతే ఆటెలా జరుగుతుందండీ?"

"జరుగుతుంది, పద్ధతిగా జరుగుతుంది. పారవేతకి ప్రతిపాదన పెట్టు. కమిటీ చూస్తుంది."

కమిటీ అంటే శరభయ్యగారు, గవర్రాజు, ఇంకా సంచుల చిల్లులు లెక్కపెట్టే ఇన్‌స్పెక్టరు. నాలుగు రోజులకి కూర్చున్నారు. ముక్కని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి వెలుతుర్లో చూశారు. ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ చిల్లులున్నాయేమోనని భూతద్దం పెట్టాడు. అది కళావరు రెండు.

"ఈ వస్తువు నీకు ఏ కారణం చేత అవసరం లేదో కమిటీ ముందు విన్నవించు" అన్నారు శరభయ్యగారు.

నాగవేణి నా వంక చూసి తటపటాయించింది. "ఎదర ఆడేవాళ్లుండగా చెప్పకూడదేమోనండీ..."

"విచారణ బహిరంగంగా జరగాలి. రహస్యాలు కుదరవు."

"అయితే చెప్తానండి. నాకన్నీ జతపడిపోయాయి. ఆఠీను ఆరు, ఎనిమిది ఉన్నాయి. మధ్యలో ఏడొక్కటీ వస్తే షో అండి. ఈ రెండుతో నాకేం పని?"

ఆఠీను ఏడు నా చేతిలో ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నిబంధనలు ఎదుటివాడి చెయ్యి ఇలా విప్పి చూపిస్తాయని తెలిస్తే పేకాటరాయుళ్లందరూ ఎప్పుడో సర్కారు నౌకరీలో చేరిపోయేవాళ్లు.

కళావరు రెండు విలువ స్వల్పం కాబట్టి పారెయ్యవచ్చునని కమిటీ తీర్మానించింది. దాన్ని కవరులో పెట్టి, ఎర్ర నాడా కట్టి, బల్ల మీద పడుకోబెట్టారు. నాకు వంతు వచ్చింది. నేను కట్టలోంచి ఒకటి ఎత్తుకుని, వెనకాముందూ చూడకుండా ఆఠీను ఏడు పారవేతకి ప్రతిపాదన పెట్టాను.

శరభయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడా! సత్తిరాజుగారూ, ఏడంటే రెండుకి మూడున్నర రెట్లు. నా అధికారం అయిదు వరకే. ఆరు నించి పది దాకా ప్రధాన కార్యాలయం. బొమ్మ ముక్కలంటారా, అవి సచివాలయమే చూసుకోవాలి."

"ఆసు అయితేనో?" అన్నాడు గవర్రాజు ఉండబట్టలేక.

"అది ఒకటీ అవుతుంది, అన్నిటికన్నా పెద్దదీ అవుతుంది. అటువంటిదాన్ని ముట్టుకోకపోవటం మంచిది."

నా చేతిలో మూడూ నాలుగూ కూడా ఉన్నాయి. వాటిని అయిదు నిమిషాల్లో మంజూరు చేస్తానని ఆయన ఉదారంగా అన్నారు. వాటితో అమ్మాయికేం లాభం? ఏడే వేస్తానని పట్టుబట్టాను. ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్లింది.

వారానికి జవాబొచ్చింది. "ప్రస్తావిత ఆఠీను ఏడును ఇతర శాఖలేవైనా వినియోగించుకొను అవకాశము కలదా? విచారించి నివేదించవలెను." జిల్లాలోని అన్ని శాఖలకీ రాశాం. మత్స్యశాఖ వారు తమకి అవసరం లేదన్నారు. నీటిపారుదల వారు కళావరైతే ఆలోచిస్తామన్నారు. పశుసంవర్ధక శాఖ వారు మాత్రం, ఎందుకో గాని, ఉచితమైతే పంపమన్నారు. ఆ జవాబుతో ఫైలు మళ్లీ మెలికపడింది.

ముక్క పాడైపోతే ఏ గొడవా ఉండదు కదా అని ఒక మధ్యాహ్నం నేను ఏడు మీద టీ ఒలకబోశాను. అది ప్లాస్టిక్ పూత ముక్క. శరభయ్యగారు చేతిగుడ్డతో తుడిచి, ముందుకన్నా మెరుస్తోందని మెచ్చుకున్నారు. టీ వృథా చేసినందుకు నాకు మందలింపు వచ్చింది.

ఈలోగా నెల కరిగిపోతోంది. నాగవేణి మునుపటిలాగే చీకటితో వచ్చి చీకటితో పోతోంది. మా ఇద్దరి ముక్కలూ ఎవరి డ్రాయరులో వాళ్లకి తాళాలు వేసి ఉన్నాయి. ఒక రోజు భోజనాల వేళ ఆమె క్యారేజీ మూత తియ్యకుండానే కూర్చుంది.

"నిన్న మా పాప ఫోన్లో ఏవందో తెలుసా బాబాయ్‌గారూ? అమ్మా, నీకు ముక్క పడిందా అందండి. నాలుగేళ్ల పిల్లండీ. రోజూ మేం మాట్లాడుకునేది అదే గదా, అదే నేర్చేసుకుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పెద్ద యంత్రాంగం కలిసి ఒక పసిపిల్లకి నేర్పిన విద్య ఇదన్నమాట. కోపం వచ్చి ఏం లాభం? ఆ ఏడు నా డ్రాయరులోనే ఉంది, నేను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, ఆమె పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉంది, మధ్యలో బల్ల వెడల్పు తప్ప మరేమీ లేదు.

నెలాఖరు రోజున డైరెక్టరుగారే దిగారు. పథకం అమలు తీరు స్వయంగా చూస్తారట. పూలదండ వేయించుకుని అరగంట మాట్లాడారు. "ఈ క్రీడ కేవలం క్రీడ కాదు. ఇది మన పూర్వుల పరిపాలనా దక్షతకు నిలువుటద్దం. నేను వ్యక్తిగతంగా ఈ క్రీడ నెరుగను. అయినప్పటికీ దాని ఆత్మ నెరుగుదును."

తరవాత, జరుగుతున్న ఆట చూపించమన్నారు. డ్రాయర్లు తెరిచాం. ముక్కలు, కట్ట, ఎర్ర నాడా కవరు, అన్నీ బల్ల మీదికొచ్చాయి. ఆయన నా కుర్చీలో కూర్చుని, "సామాన్య ఉద్యోగి స్థానంలో కూర్చుంటేనే గాని కష్టసుఖాలు తెలియవు" అంటూ నా ముక్కలు అందుకున్నారు. ఫొటోగ్రాఫరు సిద్ధమయ్యాడు.

"ఎవరి వంతు?" అన్నారు.

"తమదేనండి. ఎత్తటం అయ్యింది, వెయ్యటం ఆగింది" అన్నాను.

ఆయన ముక్కల్ని ఒకసారి చూశారు. అంతే. ఆ చెయ్యి ఎలా విప్పుకుందో మేమెవరమూ చూడలేదు. విసనకర్ర విచ్చుకుంది. రెండు వేళ్లు అటూ ఇటూ కదిలాయి, ముక్కలు వాటి చోట్లలోకి అవే వెళ్లి కూర్చున్నాయి. కనుబొమ్మలు ముడిపడ్డాయి. నాలుక్కొస కాస్త బయటికొచ్చింది. డైరెక్టరుగారు గదిలోంచి వెళ్లిపోయి, ఆ స్థానంలో ఏదో క్లబ్బులో మూల బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషి వచ్చినట్టయింది. మరుక్షణం టప్పుమని ఒక ముక్క బల్ల మీద పడింది.

ఆఠీను ఏడు.

అది బల్లని తాకిందో లేదో, నాగవేణి చెయ్యి దాని మీదుంది. ఒక ముక్క బోర్లా పెట్టింది. మిగిలినవి బల్ల మీద పరిచింది. "షో!" అని కేక పెట్టింది. ఆ కేక వరండా దాటి సంచుల గోదాము దాకా వినిపించిందని తరవాత చెప్పుకున్నారు.

ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ నొక్కేశాడు.

శరభయ్యగారు పాలిపోయారు. "అయ్యా... అది ఏడండి. ఫైలు ఇంకా తేలలేదండి. పశుసంవర్ధక శాఖ వారిది పెండింగులో ఉందండి. లిఖితపూర్వక అనుమతి లేకుండా తమరు ప్రభుత్వ ముక్కని... పైగా, తమకి ఆట తెలియదని ఇప్పుడే..."

డైరెక్టరుగారికి తెలివొచ్చింది. చేతిలో విచ్చుకున్న ముక్కల్ని గబగబా కుప్ప చేసి హారతి పళ్లెంలా పట్టుకున్నారు. "నేను వెయ్యలేదు. చెయ్యి జారింది. ఫ్యాను గాలి కూడా కలదు. కావున ఆట జరగనట్టే పరిగణించవలెను."

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. అయిదింటికి ఆఫీసు మూస్తారు, నెల పూర్తవుతుంది. నాగవేణి పరిచిన ముక్కల మీంచి చెయ్యి తియ్యలేదు.

"సార్, ఒక్క మాటండి. మీరు ముక్క వేశారంటే నేను గెలిచినట్టండి. గెలిస్తే రిలీవ్ చెయ్యాలి కదండీ. మీరు వెయ్యలేదంటే, పై ఆఫీసరుగారి చేతిలోంచి జారిన ప్రభుత్వ వస్తువుని నేను లాక్కున్నట్టండి. అంటే దొంగతనం. దొంగని ఈ ఆఫీసులో ఒక్క పూట ఉంచకూడదు కదండీ. అప్పుడూ రిలీవ్ చెయ్యాలి. నేను గెలిచానో, దొంగిలించానో మీరే తేల్చండి. రోజూ అందని అయిదుంబావు బస్సు ఇవాళ నాకందాలి."

డైరెక్టరుగారు శరభయ్యగారి వంక చూశారు. శరభయ్యగారు కళ్లు మూసుకున్నారు. ఆయన బుర్రలో నిబంధనల పుస్తకం పేజీలు తిరగడం మాకు వినిపించినంత పనయింది.

"అమ్మాయి చెప్పింది సరిగ్గానే ఉందండి" అన్నారు చివరికి. "రెండోదాని మీదైతే విచారణ పెట్టాలండి. విచారణ అంటే సాక్షిగా తమరు రావాలండి. ముక్క ఎలా పట్టుకున్నారో చేసి చూపించాల్సొస్తుందండి. ఫొటో కూడా ఉంది."

"ముక్క వేశాను" అన్నారు డైరెక్టరుగారు. "ప్రత్యక్ష తనిఖీ సందర్భంగా, ప్రజాప్రయోజనార్థం, విశేషాధికారాన్ని వినియోగించి వేశాను. రాసుకోండి."

రాసుకున్నాం. ఫలితం కాగితంలో గెలిచినవారి పేరు పక్కన ఓడినవారి పేరు రాయాలి. డైరెక్టరు హోదాలో ఉన్నవారు కింది ఉద్యోగి చేతిలో ఓడడానికి ఏ నియమమూ ఒప్పుకోదు. కుర్చీ నాదే కాబట్టి నా పేరు రాశారు. ఓడినవాడు శిక్షణ మళ్లీ మొదటి నుంచీ తీసుకోవాలట. మహదానందంగా సంతకం పెట్టాను. ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల్లో ఏదైనా ఒక మనిషికి పనికొచ్చిందీ అంటే అదొక్కటే.

నాగవేణి రిలీవింగ్ ఆర్డరు పమిట చాటున దాచుకుని, క్యారేజీ, గొడుగు అందుకుంది. గుమ్మం దగ్గర చెప్పు తొడుక్కోబోతూ వెనక్కి వచ్చింది. "బాబాయ్‌గారూ, వస్తానండీ. పాప లేచుండగా ఇంటికెళ్లటం ఇదే మొదలండి" అంది. "పరిగెట్టు, బస్సు పోతుంది" అన్నాను. నిజంగానే పరిగెత్తింది. కిటికీలోంచి చూస్తే చేతిలో ఒకే చెప్పుంది, ఇంకోటి కాలికుంది.

నేను వెనక్కి తిరిగేసరికి గది ఖాళీ అయింది. ఫొటోగ్రాఫరు టీకి పోయాడు. డైరెక్టరుగారు మాత్రం నా కుర్చీలోంచి లేవలేదు, పక్కన శరభయ్యగారు నిలబడి ఉన్నారు. కాసేపు బల్ల మీది ముక్కల వంక దిగులుగా చూసి, కట్ట మీది పై ముక్కని వేలి కొసతో కాస్త ఎత్తి చూశారు.

"ఛ! చూశారా, చూశారా? తరవాత రావాల్సింది ఇదేనండి. ఇంకొక్క చుట్టు ఆగుంటే షో నాది!"

శరభయ్యగారు వెళ్లి తలుపు గెడ వేశారు. బీరువా తాళం తీసి జోకర్లు రెండూ పట్టుకొచ్చారు. ఎర్ర నాడా విప్పి కళావరు రెండుని కట్టలో కలిపారు. కండువా తీసి కుర్చీకి తగిలించి, నాగవేణి కుర్చీలో కూర్చుని, పేకని ఫెళఫెళమని రెండు సార్లు కలిపి ఆయన ముందు పెట్టారు.

"కొయ్యండి సార్" అన్నారు.